బోరు నీళ్లు చూసి మడి కట్టాలి: పన్నెండు వారాల సొంత ప్రణాళిక వేసుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

లక్ష్యం ఎట్లా పెట్టుకోవాలి, పెట్టుకున్నది రెండు వారాలకే ఎందుకు ఆగిపోతోంది, నోటుబుక్కులో అసలేం రాయాలి అని చాలామంది అడుగుతున్నారు. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి అడిగేవాళ్లు ఎక్కువ. పాలమూరు నుంచి కూడా ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పడం కుదరడం లేదు. అందుకే నేను పాటిస్తున్న పద్ధతిని, మా ఇంట్లో ఇద్దరికి దగ్గరుండి నేర్పిన పద్ధతిని మొత్తం ఇక్కడ పెడుతున్నాను. అంచెల వరుస మాత్రం మార్చకండి.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఒక యాసంగిలో మా నాయిన ఇంచున్నర నీళ్లు పోసే బోరు మీద మూడున్నర ఎకరాలు నాటు పెట్టాడు. ఆ నీళ్లకు రెండెకరాలు పారితే గొప్ప. మార్చి వచ్చి వరి పొట్టకొచ్చే వేళకు బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. ఎకరంన్నర గొర్లకు వదిలేశాడు. మిగతా రెండెకరాలకు కూడా తడి సరిగ్గా అందక సగం తాలే వచ్చింది. ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని అన్న మాట ఇది: "నీళ్లు జూసి మడి గట్టాలె బిడ్డా. నేను మడి గట్టి నీళ్లు జూసిన."

మనలో చాలామంది లక్ష్యాలు పెట్టుకునే తీరు ఇదే. కావాల్సిన పంట ముందు రాసుకుంటాం, ఉన్న గంటలు తర్వాత చూస్తాం. ఈ పద్ధతిలో ముందు గంటలు కొలుస్తాం.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ వంద పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి. డైరీ వద్దు. డైరీలో తేదీలు అచ్చయి ఉంటాయి కనుక ఒక రోజు తప్పితే ఆ ఖాళీ పేజీ రోజూ కంట్లో పడుతుంది.

☐ గోడకు వేలాడే పంచాంగం క్యాలెండర్. పండుగలు, కార్తెలు, ముహూర్తాలు అచ్చయినదే కావాలి. ఎందుకో ఆరో అంచెలో తెలుస్తుంది.

☐ ఎర్ర పెన్ను, నీలం పెన్ను.

☐ ఎవరూ పిలవని గంటన్నర, ఒక ఆదివారం.

ఫోన్లో యాప్ వాడవచ్చా అని అడుగుతారు. మొదటి పన్నెండు వారాలు వద్దంటాను. లెక్క రాయడానికి ఫోను తీస్తే వాట్సాప్‌లో మూడు మెసేజ్‌లు కనిపిస్తాయి, రాయాల్సింది పక్కకు పోతుంది. కాగితం మీద చెయ్యి కుదిరాక మీ ఇష్టం.

2. వారం రోజులు గంటల లెక్క రాయండి

ఇంకా ఏ లక్ష్యమూ పెట్టుకోవద్దు. ఏడు రోజులు మీ సమయం ఎటు పోతోందో రాయడమే పని. రోజుకు మూడుసార్లు చాలు: పొద్దున చాయ్ తాగేటప్పుడు, మధ్యాహ్నం తిన్నాక, రాత్రి పడుకునే ముందు. గడిచిన గంటల్లో ఏం చేశారో ఒక్కో లైను రాయండి. మంచిగా కనబడాలని రాయకండి, ఈ పేజీ ఎవరూ చూడరు.

నేను నల్లగొండ నుంచి మిర్యాలగూడ రైసు మిల్లులో పద్దులు రాయడానికి రోజూ బస్సులో వెళ్లివస్తుంటాను. నా మొదటి వారం లెక్క ఇట్లా తేలింది:

5:30 నుంచి 6:30 – నీళ్లు పట్టడం, ఇంటి పని
6:30 నుంచి 7:15 – ఖాళీ (ఫోను చూస్తూ గడిచింది)
7:30 నుంచి 8:00 రాత్రి – బస్సు, మిల్లు, తిరిగి బస్సు
8:00 నుంచి 9:00 – తినడం, పిల్లలు
9:00 నుంచి 9:30 – ఖాళీ (టీవీ ముందు)
ఆదివారం – కష్టం మీద మూడు గంటలు

పొద్దున ముప్పావుగంట ఆరు రోజులకు నాలుగున్నర గంటలు. రాత్రి అరగంట ఆరు రోజులకు మూడు గంటలు. ఆదివారం మూడు. మొత్తం పదిన్నర.

ఇక్కడే ఒక ముఖ్యమైన తీసివేత ఉంది. కాలువలో వదిలిన నీళ్లన్నీ మడికి చేరవు, ఊట పోతుంది, ఆవిరి పోతుంది. గంటలు కూడా అంతే. జ్వరం, చుట్టాలు, కరెంటు, బస్సు ఆలస్యం. వచ్చిన మొత్తంలో మూడో వంతు తీసేయండి. నాకు పదిన్నరలో మూడున్నర పోయి ఏడు మిగిలాయి. వారానికి ఏడు గంటలు నా బోరు పోసే నీళ్లు. ఈ అంకెను నోటుబుక్కు మొదటి పేజీలో పెద్దగా రాసి చుట్టూ గీత గీశాను.

మీకు ఏడు రాకపోవచ్చు. మూడే రావచ్చు. మూడు గంటలతో కూడా ఈ పద్ధతి నడుస్తుంది, పంట చిన్నదవుతుంది అంతే.

ఈ అంచెలో చూసుకోవాల్సినవి:

☐ పెళ్లి, దినం, బతుకమ్మ, జాతర ఉన్న వారంలో కొలవకండి. ఆ లెక్క మిగతా సంవత్సరానికి పనికిరాదు.

☐ వాడపల్లి, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో షిఫ్టుల మీద పనిచేసేవాళ్లు ఒక వారం కాకుండా షిఫ్టులన్నీ ఒక చుట్టు తిరిగేదాకా రాయండి. నైటు షిఫ్టు వారానికి వేరే అంకె, పగటి షిఫ్టుకు వేరే అంకె వస్తుంది. తక్కువ వచ్చినదాన్నే నమ్మండి.

☐ ఫోను ఎంతసేపు చూశారో గుర్తుండదు. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో డిజిటల్ వెల్‌బీయింగ్ అనే చోట రోజువారీ గంటలు కనిపిస్తాయి. అక్కడ చూసి రాయండి.

☐ నిద్రలో కోసిన గంటను ఖాళీ గంట కింద వేయకండి.

3. కోరికలన్నీ రాసి, ఒక్కటే ఉంచండి

ఇప్పుడు మనసులో ఉన్నవన్నీ ఒక పేజీలో దింపండి. టాలీ (కంప్యూటర్లో పద్దులు రాసే సాఫ్ట్‌వేర్), ఇంగ్లీషు, డిగ్రీ పూర్తి చేయడం, బరువు తగ్గడం, కారు డ్రైవింగ్, అప్పు తీర్చడం. పది వచ్చినా ఇరవై వచ్చినా సరే.

తర్వాత ఒక్కోదాన్ని మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది: ఇది నాకే కావాలా, బంధువుల్లో ఎవరినో చూసి పుట్టిందా? రెండోది: నా మొదటి పేజీలో ఉన్న గంటలకు ఇది పారుతుందా? మూడోది: పన్నెండు వారాల తర్వాత నా చేతిలో చూపించడానికి ఏం ఉంటుంది?

మూడింటికీ జవాబు ఉన్నవాటిలో ఒక్కటి ఉంచండి. మిగతావాటిని కొట్టేయకుండా, చివరి పేజీలో "తర్వాతి పంట" అని రాసి అక్కడికి పంపండి. కొట్టేస్తే మనసు ఒప్పదు, అక్కడ రాసి ఉంటే ఊరుకుంటుంది.

ఒక్కటే ఎందుకు అని గట్టిగా అడుగుతారు. నేను ఒక ఏడాది మూడు కలిపి పెట్టుకున్నాను. టాలీ కోచింగ్, గ్రూప్-4 చదువు, పొద్దున పరుగు. కోచింగ్‌కు పన్నెండు వేలు కట్టాను. రెండో నెల మిల్లులో పని పెరగగానే ముందు పరుగు ఆగింది, పది రోజులకు చదువు ఆగింది, చివరికి కోచింగ్‌కూ వెళ్లలేకపోయాను. డబ్బులు తిరిగి ఇవ్వలేదు. ఆ మూడింటిలో ఏ ఒక్కటైనా ఏడు గంటలకు పారేదే. మూడు కలిపితే ఏదీ పారలేదు.

రెండు లక్ష్యాలు తప్పదంటే వారబందీ ఉంది. కాలువ కింద రైతులకు తెలిసిందే: ఈ వారం ఈ తూము, వచ్చే వారం ఆ తూము. ఒక వారం చదువు, ఒక వారం టైలరింగ్. కానీ ఇది ఒకసారి పన్నెండు వారాలు పూర్తిగా నడిపినవాళ్లకే కుదురుతుంది. మొదటిసారి వద్దు.

పెద్ద లక్ష్యాల మాట కూడా ఇక్కడే తేల్చుకోవాలి. బత్తాయి మొక్క పెట్టినవాళ్లు నాలుగైదేళ్లు కాపు కోసం చూస్తారు, అందాక వరుసల మధ్య వేరుశనగో పెసరో తీస్తారు. ప్రభుత్వ ఉద్యోగం బత్తాయి తోట లాంటిది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, ఎన్ని పోస్టులుంటాయో మన చేతిలో లేదు. "గ్రూప్-2 కొట్టాలి" అని పన్నెండు వారాల పేజీలో రాయకండి. "ఇండియన్ పాలిటీ సిలబస్ ఒకసారి పూర్తి చేసి, పాత ప్రశ్నపత్రాలు ఐదు రాసి, నా మార్కులు వేసుకుంటాను" అని రాయండి. ఇది పూర్తిగా మన చేతిలో ఉన్న పని.

4. లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయండి

వాక్యంలో నాలుగు ఉండాలి: ఏం చేస్తాను, ఎంత, ఏ తేదీకి, ఎవరికి చూపిస్తాను. నాలుగోదాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. చూసేవాళ్లు లేకపోతే తేదీ మెల్లగా జరిగిపోతుంది.

"టాలీ బాగా నేర్చుకోవాలి" అన్నది కోరిక. నేను రాసుకున్నది: "సెప్టెంబరు 20 లోపు, మిల్లు ఆగస్టు నెల జీఎస్టీఆర్-3బి లెక్క మొత్తం నేనే తయారుచేసి ఆడిటర్‌కు చూపిస్తాను." జీఎస్టీఆర్-3బి అంటే కట్టాల్సిన జీఎస్టీ లెక్క చూపే రిటర్న్ ఫారం. నెలనెలా వేసేవాళ్లకు దానికి గడువు తర్వాతి నెల 20వ తేదీ. అది నేను మార్చగలిగింది కాదు కనుక నాకు మేలే జరిగింది.

"ఇంగ్లీషు రావాలి" బదులు: "పన్నెండో వారం ఆదివారం నా పని గురించి ఐదు నిమిషాలు ఆగకుండా ఇంగ్లీషులో మాట్లాడి రికార్డు చేసి, మా అన్నకు వినిపిస్తాను."

"పొదుపు చేయాలి" బదులు: "ప్రతి శనివారం 500 పక్కన పెట్టి, పన్నెండు వారాలకు 6,000 పొదుపు సంఘం అక్కకు చూపిస్తాను."

వాక్యం రాసిన రోజే మొదటి కొలత తీసుకోవాలి. ఇది తప్పనిసరి. మా మేనల్లుడు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని ఉంది. వాడు "రోజూ ఉరుకుత మామా" అనడమే గాని ఎంతలో ఉరుకుతున్నాడో తెలియదు. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో 400 మీటర్ల రౌండు కొలిచి గుర్తు పెట్టి, ఫోనులో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను. నాలుగు రౌండ్లకు సరిగ్గా 9 నిమిషాలు. వాడి మొహం చిన్నబోయింది. కానీ అప్పటినుంచే వాడి పరుగుకు ఒక లెక్క వచ్చింది. తొమ్మిది నుంచి 7:10కి రావాలి, మూడు నెలలుంది. మొదటి నెల చివర 8:20, రెండో నెల చివర 7:45, మూడో నెల చివర 7:10. రౌండుకు చూస్తే 135 సెకన్ల నుంచి 125, తర్వాత 116, తర్వాత 107. ఒక్కో రౌండులో తొమ్మిది పది సెకన్లు తగ్గించడం అంటే నెల రోజుల పని. అది వాడికి అందే దూరంలో కనిపించింది.

5. పనిని ముక్కలు చేసి గంటలతో సరిచూడండి

వాక్యం పూర్తవడానికి చేయాల్సిన పనులన్నీ రాసి, ఒక్కోదానికి ఎన్ని గంటలో అంచనా వేయండి. నా టాలీ లెక్క:

లెడ్జర్లు, వోచర్లు – 12
స్టాకు పద్దు – 10
జీఎస్టీ అమరికలు, పన్ను రేట్లు – 14
కొనుగోళ్లను జీఎస్టీఆర్-2బితో (మనకు అమ్మినవాళ్లు జీఎస్టీలో చూపిన బిల్లుల జాబితా) సరిచూడడం – 10
పాత రెండు నెలలు మళ్లీ చేసి చూడడం – 10
మొత్తం – 56

ఇప్పుడు ఆ మొత్తాన్ని ఒకటిన్నరతో గుణించండి. కొత్త పనికి ఎంత పడుతుందో మనం ఎప్పుడూ తక్కువే అనుకుంటాం. 56 కాస్తా 84 అయింది.

వారానికి ఏడు చొప్పున పన్నెండు వారాలకు నా దగ్గర ఉన్నవీ 84. సరిపోయిందనుకున్నాను. కానీ చివరి వారం ఖాళీగా ఉంచాలి. కాలువ కింద చివరి ఆయకట్టు సంగతి మనకు తెలుసు. పైన ఎవరు ఎక్కువ వాడినా ఎండేది చివరి మడే. ప్రణాళికలో పన్నెండో వారం అట్లాంటిది. ముందు వారాల్లో తప్పిన పనంతా దాని మీద పడుతుంది. అందుకని అక్కడ కొత్త పని పెట్టవద్దు. అప్పుడు నాకు మిగిలినవి 77 గంటలే.

ఏడు గంటలు ఎక్కువైంది. ఇక్కడ నిద్ర తగ్గించుకుందాం అనిపిస్తుంది. ఆ పని చేయకండి, పంట తగ్గించండి. స్టాకు పద్దులో నాకు వెంటనే అక్కరలేని సగం తీసేశాను. 51 గంటలు, ఒకటిన్నరతో 76.5. ఇప్పుడు పారుతుంది.

తర్వాత పన్నెండు లైన్లు గీసి, ఒక్కో వారానికి ఒక్కో పని రాయండి. మొదటి నాలుగు వారాలు పునాది. ఐదు నుంచి తొమ్మిది అసలు పని. పది, పదకొండు పరీక్ష: నేర్చుకున్నదాన్ని సాయం లేకుండా చేసి చూడడం. పన్నెండు ఖాళీ. చివరి రోజు చూపించే పని మాత్రం అందులో ఉంటుంది.

6. మన ఊరి సంవత్సరం మీద పెట్టి చూడండి

జనవరి 1న మొదలుపెట్టడం మన దగ్గర నప్పదు. అప్పుడు యాసంగి నాట్లు నడుస్తుంటాయి, వెంటనే సంక్రాంతి. మాఘంలో చెర్వుగట్టు జాతర, పెళ్లిళ్లు. ఏప్రిల్‌లో వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర కుప్ప పోసుకుని కాంటా ఎప్పుడవుతుందా అని కావలి. మేలో నల్లగొండ ఎండకు మధ్యాహ్నం ఏ పనీ సాగదు. మిర్గం దాటితే విత్తనాలు, తర్వాత నాట్లు. బతుకమ్మ, దసరా. ఆ వెంటే పత్తి ఏరడం, వానాకాలం వరికోత. దీపావళి దాటాక పాలమూరు వైపు కురుమూర్తి జాతర.

ఇవన్నీ అడ్డంకులుగా చూడకండి. ముందే తెలిసిన సెలవులుగా గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గీయండి. తర్వాత మీ వృత్తికి ఎక్కడ ఊపిరాడుతుందో చూసుకోండి. రైసు మిల్లులో నాకు జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా పని కొంత నెమ్మదిగా ఉంటుంది, అందుకే జూన్ 28న మొదలుపెట్టాను. వ్యవసాయం చేసేవాళ్లకు అదే కాలం నాట్ల పని. వాళ్లకు వేరే పన్నెండు వారాలు చూసుకోవాలి. పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లకు పరీక్షలు లేని నెలలు. బొంబాయి, పుణె పనులకు పోయే పాలమూరువాళ్లు ఊరికి వచ్చే తేదీలను ఖాళీ వారాలుగా ముందే వదిలేయాలి. ఇంటికి వచ్చినప్పుడు చదవడం జరగదు, జరగాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు.

పన్నెండు వారాల్లో రెండు కంటే ఎక్కువ ఎర్రగీతల వారాలు పడితే మొదలుపెట్టే తేదీ మార్చండి.

7. చోటు, వేళ, మొదటి కదలిక

"రోజూ చదువుతాను" అన్నది పనిచేయదు. "పొద్దున 6:30కి, వంటింటి పక్క బల్ల దగ్గర కూర్చుని, నిన్నటి చివరి లెక్క మళ్లీ చేస్తాను" అని రాయండి. చోటు ఉంది, వేళ ఉంది, చెయ్యి ముందు దేని మీద పడాలో ఉంది. రాత్రి పడుకునే ముందే పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచిపెట్టండి.

తర్వాత "ఇట్లా అయితే అట్లా" అనే వాక్యాలు మూడు రాయండి. పీటర్ గోల్విట్జర్ అనే మానసిక శాస్త్రవేత్త ఈ పద్ధతిని ఏళ్ల తరబడి పరీక్షించాడు. ముందే ఇట్లా రాసుకున్నవాళ్లు అనుకున్న పని ఎక్కువగా పూర్తి చేస్తారని తేలింది. నావి ఇవి:

కరెంటు పోతే, కాగితం మీద వోచర్లు రాస్తాను.
బస్సు ఆలస్యమైతే, స్టాండులో నిలబడి నిన్నటి నోట్సు చదువుతాను.
చుట్టాలొస్తే, ఆ రోజు ఒక్క తడి పెట్టి వదిలేస్తాను.

ఒక్క తడి అంటే పంట ఎండిపోకుండా పెట్టే నీళ్లు. మీ పనికి పది నిమిషాల రూపం ఒకటి ముందే తయారుగా ఉంచుకోవాలి. పరుగుకు రెండు రౌండ్ల నడక. చదువుకు ఒక పేజీ. పూర్తి పని జరిగిన రోజు క్యాలెండర్ మీద ఎర్ర చుక్క, ఒక్క తడి రోజు నీలం చుక్క.

21 రోజులకు అలవాటైపోతుందన్న మాట చాలాచోట్ల వింటాం. దాన్ని నమ్మి 22వ రోజున నిరాశ పడకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనిస్తే, ఒక పని అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 దాకా లెక్క తేలింది. అదే పరిశీలనలో ఇంకోటి ఉంది: మధ్యలో ఒక్క రోజు తప్పితే అలవాటు చెడిపోలేదు. నీలం చుక్కలకు నేను ఇచ్చే విలువ ఇందుకే.

8. ఇంట్లో చెప్పండి, గంట అడగండి

ఆడవాళ్ల విషయంలో ఈ అంచె లేకుండా మిగతావన్నీ వృథా. వాళ్ల గంటలు ఇంటిల్లిపాదికీ పంచి ఉంటాయి. అడగకపోతే ఎవరూ తిరిగి ఇవ్వరు.

మా వదిన ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టింది. బ్లౌజులు కుడుతుంది, ఇద్దరు పిల్లలు. మొదటి నెల రోజూ కూర్చునేది, రోజూ లేచేది. అప్పుడు మా అమ్మతో తిన్నగా చెప్పమన్నాను. వదిన అన్నది ఇంతే: "అత్తమ్మా, పగటీలి రెండింటి నుంచి మూడింటి దాకా నన్ను పిలువకుండ్రి. అంతకుముందు ఏ పనున్నా చేసిపెడ్త." అమ్మ తలూపింది. ఆ వారమే బ్లౌజు కోసం ఎవరో ఫోను చేస్తే అమ్మే ఎత్తి, "చదువుకుంటున్నది, మూడింటికి చేయుండ్రి" అంది.

అడిగేటప్పుడు మూడు గుర్తుంచుకోండి. గంట ఎప్పటినుంచి ఎప్పటిదాకానో చెప్పాలి. ఎన్ని వారాలో చెప్పాలి. బదులుగా ఏం చేస్తారో చెప్పాలి. "నాకు టైమే దొరకడం లేదు" అని కోపంలో అనడం అడగడం కాదు.

ఖర్చు అడ్డం అనుకునేవాళ్లకు: పోటీ పరీక్షల పాఠాలు తెలంగాణ ప్రభుత్వ టీవీ ఛానల్ టీ-సాట్ నిపుణలో ఉచితంగా వస్తాయి. జిల్లా గ్రంథాలయానికి వెళ్లిరావడానికి 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు చార్జీ లేదు. డబ్బు కట్టే కోచింగ్‌లో చేరేముందు నాలుగు వారాలు వీటితో నడిపి చూడండి.

9. ఆదివారం ఇరవై నిమిషాల లెక్క

ప్రతి ఆదివారం ఒకే వేళకు నాలుగు లైన్లు రాయాలి. అనుకున్న గంటలు ఎన్ని, జరిగినవి ఎన్ని. ఏ పని పూర్తయింది. ఏది అడ్డం వచ్చింది. వచ్చే వారం ఒక్క మార్పు.

నా నోటుబుక్కులో ఐదో వారం పేజీ ఇట్లా ఉంది: "7కు 4 జరిగినయి. పన్ను రేట్ల పని సగమే. రాత్రి అరగంటలు అన్నీ పోయినయి, కళ్లు మూతలు పడుతున్నయి. వచ్చే వారం రాత్రి తీసేసి బస్సులో వచ్చేటప్పుడు చదవాలె." ఆ మార్పుతో మూడు గంటలు తిరిగి వచ్చాయి. రాత్రి అరగంట ఉందని మొదటి లెక్కలో రాసుకున్నాను గాని, ఆ వేళకు నా ఒంట్లో ఓపిక లేదు. అది ఐదు వారాలు రాస్తే గాని తెలియలేదు.

మార్పు ఒక్కటే చేయండి. మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

10. ఎక్కడ తప్పుతుంది, ఎట్లా సరిచేయాలి

మొదటి వారమే ఇరవై గంటలు చేయడం. కొత్త ఉత్సాహంలో అందరూ చేస్తారు, మూడో వారానికి పడిపోతారు. మొదటి పేజీలో ఉన్న అంకె దాటితే పుస్తకం మూసేయండి. మా మేనల్లుడు రెండో వారంలో రోజుకు రెండు పూటలా ఉరికి పిక్క పట్టేసి పది రోజులు మంచంలో ఉన్నాడు. ఆ పది రోజులు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

తప్పిన పని మరుసటి రోజుకు కలపడం. నిన్నటి గంట ఇవాళ్టికి, రెండూ కలిసి రేపటికి. మూడు రోజులకు అది అప్పు మీద వడ్డీ అవుతుంది, చూడాలంటేనే భయం. తప్పింది తప్పినట్టే వదిలేయండి. ఇవాళ్టి పని మాత్రమే చేయండి. మిగిలింది పన్నెండో వారం చూసుకుంటుంది.

వరుసగా రెండు వారాలు సగం కంటే తక్కువ జరగడం. ఇది బద్ధకమని తిట్టుకోకండి. గంటల కొలత తప్పింది. రెండో అంచెకు తిరిగి వెళ్లి మూడు రోజులు మళ్లీ రాయండి. కొత్త అంకె వస్తుంది. దానికి తగ్గట్టు లక్ష్య వాక్యంలో "ఎంత" అన్నది తగ్గించండి. తేదీ జరపకండి. తేదీ ఒకసారి జరిగితే మళ్లీ మళ్లీ జరుగుతుంది.

నోట్సు అందంగా రాస్తూ కూర్చోవడం. రంగులు, గీతలు, పట్టికలు. అది పని చేసినట్టు అనిపిస్తుంది. రాయడానికి వారానికి ఇరవై నిమిషాలు దాటనివ్వకండి.

అందరికీ చెప్పుకోవడం. స్టేటస్ పెడితే అప్పుడే సగం సాధించినట్టు ఉంటుంది. చూపించాల్సిన ఒక్క మనిషికి, గంట ఇచ్చే ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఇంట్లో పెద్ద కష్టం రావడం. ఆస్పత్రి, చావు, పంట పోవడం. అప్పుడు ప్రణాళిక ఆపండి. పేజీలో తేదీ వేసి "ఇక్కడ ఆపాను" అని రాయండి. తిరిగి వచ్చినప్పుడు ఆ లైను కింద నుంచి, అదే వారం అంకెతో మొదలుపెట్టండి. మొదటి వారం నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిన పని లేదు.

11. పన్నెండో వారం

☐ మిగిలిన పనుల్లో ఏవి నిజంగా కావాలో చూసి అవి మాత్రం పూర్తి చేయండి.

☐ మొదటి రోజు కొలతను మళ్లీ అదే చోట, అదే తీరుగా తీసుకోండి. అదే గ్రౌండు, అదే స్టాప్‌వాచ్.

☐ చూపిస్తానన్న మనిషికి చూపించండి. సగమే అయినా చూపించండి.

☐ పన్నెండు ఆదివారాల పేజీలు ఒకేసారి చదవండి. జరిగిన గంటల సగటు లెక్క వేయండి. వచ్చే ప్రణాళికకు ఆ సగటే మీ బోరు నీళ్లు. ఊహ అక్కరలేదు.

☐ వారం రోజులు ఏమీ పెట్టుకోకండి. తర్వాత చివరి పేజీలో "తర్వాతి పంట" తెరవండి.

నా సగటు ఐదుంపావు తేలింది. ఏడు అనుకున్నాను. కొనుగోళ్లు సరిచూసే పనిలో రెండు తప్పులు ఆడిటర్ పట్టాడు, మిగతాదంతా సరిగ్గా ఉందన్నాడు. మా మేనల్లుడు మూడో నెల చివర 7:22 దగ్గర ఆగాడు. ఇంకో నాలుగు వారాలు రాసుకుని మళ్లీ గ్రౌండుకు వెళ్తున్నాడు. వదిన వంటింటి గోడకు ఉన్న క్యాలెండర్‌లో బతుకమ్మ తొమ్మిది రోజులకూ తొమ్మిది నీలం చుక్కలున్నాయి. పూలు తెచ్చుకుని పేర్చడం, రాత్రి ఆడడం అన్నీ చేసి, పడుకునే ముందు రోజుకు ఒక్క పేజీ చదివింది. సద్దుల బతుకమ్మ మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఎర్ర చుక్క పెట్టింది.